వడ్డీకి తెచ్చి విదేశీ ఇండస్ట్రియల్ టూరుకు వెళ్లవచ్చా? గుంటూరు ఎంటెక్ విద్యార్థికి సమాధానం

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. గుంటూరుకు దగ్గరలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మీరు వీఎల్‌ఎస్‌ఐ (చిప్పుల రూపకల్పన) విభాగంలో ఎంటెక్ రెండో సెమిస్టరు చదువుతున్నారు. సెలవుల్లో ఎనిమిది రోజుల పాటు సింగపూరుకు, అక్కడి నుంచి మలేసియాలోని పెనాంగుకు తీసుకువెళ్లి సాంకేతిక సంస్థలను చూపిస్తామని కళాశాల వారు ప్రకటించారు. మనిషికి 1,65,000 రూపాయలు కట్టాలి. నాన్నగారు పెదనందిపాడు వైపు కౌలుకు మిర్చి వేశారు, ధర రాక సరుకు ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉంది, అయినా మీరు నలుగురిలో చిన్నబోకూడదని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. వెళ్తే ఉద్యోగానికి దారి పడుతుందా, వెళ్లేవాళ్లు ఎలా సిద్ధపడాలి అన్నవి మీరు అడిగిన రెండు విషయాలు.

నేను విజయవాడలో ఉంటాను. సింగపూరులోని ఒక చిప్పుల తయారీ సంస్థలో తొమ్మిదేళ్లు టెస్ట్ ఇంజినీరుగా పనిచేసి తిరిగి వచ్చాను. అక్కడున్నప్పుడు ఇలా వచ్చే విద్యార్థులకు సంస్థను చూపించే పని ఏడాదికి రెండు మూడు సార్లు నా మీద పడేది. తిరిగి వచ్చాక ఇక్కడి కళాశాలల బృందాలకు తోడుగా మూడు సార్లు వెళ్లాను. కాబట్టి గేటుకు అటు వైపున్నవాళ్లు ఏమనుకుంటారో, ఇటు నుంచి వెళ్లేవాళ్లు ఏమి ఆశపడతారో రెండూ నాకు తెలుసు.

మొదటి ప్రశ్నకు జవాబు సాగదీయకుండా చెబుతాను. మీరు చూపిన పర్యటన పట్టిక ప్రకారమే అయితే ఈ పర్యటనకు అప్పు చేసి వెళ్లవద్దు. నూటికి రెండంటే 1,65,000కు నెలకు 3,300 రూపాయలు. మీ చదువు పూర్తయి మొదటి జీతం చేతికి వచ్చేసరికి ఏడాదిన్నర పడుతుందనుకుంటే వడ్డీయే 59,400 అవుతుంది. అంత భారం మోయదగినది ఇందులో ఏముందో తెలియాలంటే ఆ పట్టికను రోజుల్లో కాక గంటల్లో లెక్కవేయాలి. రాకపోకలకు రెండు రోజులు పోతాయి. నాలుగు సంస్థలకు ఒక్కోదానికి రెండున్నర గంటలు రాశారు. మిగిలినదంతా సెంటోసా, గార్డెన్స్ బై ద బే, కేబుల్ కారు, షాపింగ్. మొదటిసారి విమానం ఎక్కే పిల్లలు ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డున గడిపితే తప్పేమీ లేదు, కానీ సంస్థల గడప లోపల మీరుండేది మొత్తం పది గంటలు, అంటే గంటకు 16,500 రూపాయలు. ఆ రెండున్నర గంటల్లో కూడా పాస్‌పోర్టులు సరిచూసి బ్యాడ్జీలు ఇవ్వడానికి, భద్రతా వీడియో చూపడానికి నలభై నిమిషాలు, మానవ వనరుల విభాగం వారి స్లైడ్లకు మరో నలభై నిమిషాలు, బృందం ఫొటోకు, జ్ఞాపికలకు, శాలువాలకు ఇంకో పావుగంట పోతాయి. (శాలువాలు మనం మోసుకువెళ్లేవే. ఏడాది పొడుగునా ఉక్కపోసే ఆ ఊళ్లో శాలువా కప్పించుకున్న మా మేనేజరు ముఖం నాకింకా గుర్తుంది.) మిర్చియార్డులో టిక్కీ (మిర్చి బస్తా) పైనున్న కాయను చూసి ఎవరూ ధర కట్టరని మీకు నేను చెప్పనక్కర్లేదు, చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు కాయ తీసి రంగు, తేమ, తాలు చూస్తారు. ఈ పట్టికలో మీకు చూపబోయేది పై కాయ ఒక్కటే.

ఇక ఉద్యోగం సంగతి. సందర్శకుడిగా సింగపూరులో అడుగుపెట్టినవారికి అక్కడ పనిచేసే హక్కు ఉండదు. సంస్థలను చూడవచ్చు, సదస్సుల్లో కూర్చోవచ్చు, అంతే. ఇంజినీరు స్థాయి ఉద్యోగం చేయాలంటే సాధారణంగా ఎంప్లాయ్‌మెంట్ పాస్ కావాలి. దానికి 2025 జనవరి నుంచి కొత్త దరఖాస్తులకు కనీస నెల జీతం 5,600 సింగపూరు డాలర్లుగా, ఆర్థిక సేవల రంగంలో అయితే 6,200గా నిర్ణయించారు. అభ్యర్థి వయసు పెరిగేకొద్దీ ఈ మొత్తం పెరుగుతుంది. చాలా సందర్భాల్లో సంస్థ ముందుగా 14 రోజుల పాటు ఆ ఉద్యోగాన్ని ప్రభుత్వ పోర్టల్లో ప్రకటించి, స్థానికులకు అవకాశం ఇచ్చాకే విదేశీయుడి కోసం దరఖాస్తు చేయాలి. ఇవి కాక 2023 సెప్టెంబరు నుంచి కంపాస్ అనే పాయింట్ల పద్ధతి ఉంది, అందులో 40 రావాలి. జీతం, విద్యార్హత, సంస్థలో వివిధ దేశాలవారి వైవిధ్యం, స్థానికులకు ఇచ్చిన ఉద్యోగాల నిష్పత్తి అని నాలుగు వరుసలుంటాయి, ఒక్కోదానికి సున్నా, పది లేదా ఇరవై పాయింట్లు వస్తాయి. కొరతగా ఉన్న వృత్తుల వంటి వాటికి అదనపు పాయింట్లు విడిగా ఉన్నాయి.

వీటిలో మూడో వరుసను మనవాళ్లు గమనించరు. ఒక సంస్థలోని నిపుణ ఉద్యోగుల్లో భారతీయులు ఇప్పటికే నాలుగో వంతు లేదా అంతకు మించి ఉంటే, భారతీయుడైన కొత్త అభ్యర్థికి ఆ వరుసలో సున్నా పడుతుంది. "అక్కడ అందరూ మన తెలుగువాళ్లేనండీ, తేలిగ్గా తీసుకుంటారు" అన్న మాట మన ఊళ్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, కానీ లెక్క సరిగ్గా దానికి ఎదురు తిరుగుతుంది. అదే 25 మంది కంటే తక్కువ నిపుణ ఉద్యోగులున్న చిన్న సంస్థ అయితే మూడు, నాలుగు వరుసల్లో ఎంచకుండానే పదేసి పాయింట్లు ఇస్తారు. గుర్తింపు పొందిన డిగ్రీకి పది కలిస్తే ముప్పై అవుతుంది. మిగిలిన పది జీతం వరుసలో రావాలంటే, ఆ రంగంలో మీ వయసు స్థానికులు అందుకునే జీతాలతో పోల్చి చూసినప్పుడు మీ జీతం నూటికి అరవై ఐదు మంది కంటే పైన ఉండాలి. కొత్తగా చదువు ముగించినవారికి ఇది తేలిక కాదు. పర్యటనలో ఎవరి చేతిలోనో రెజ్యూమె పెట్టినంత మాత్రాన ఈ నిబంధనల్లో ఒక్కటీ సడలదు, తీసుకున్నవారు మర్యాదకు తీసుకుంటారు.

ఎంటెక్ విద్యార్థికి సింగపూరులో ఇంతకంటే తిన్నని దారి విశ్వవిద్యాలయాల నుంచి ఉంది. సింగా అనే పేరుతో అక్కడి పరిశోధన సంస్థ ఏస్టార్, నేషనల్ యూనివర్సిటీ, నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం తదితరాలు కలిసి విదేశీ విద్యార్థులకు పీహెచ్‌డీ కోసం నాలుగేళ్ల వరకు రుసుములు, నెలసరి భృతి ఇస్తాయి. మీ పట్టికలో ఒక్క ప్రయోగశాల కూడా లేకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపిస్తోంది.

ఉద్యోగం రానప్పుడు వెళ్లడం ఎందుకు అని మీరు అడగవచ్చు. మూడేళ్ల కిందట ఒక బృందంతో సింగపూరు ఉత్తర భాగంలోని ఉడ్‌లాండ్స్‌కు వెళ్లినప్పుడు జరిగినది చెబుతాను. అక్కడ చిప్పుల కర్మాగారంలోకి, అంటే ఫ్యాబ్‌లోకి, బయటివారిని రానివ్వరు. దుమ్ము రేణువు కూడా చొరబడకుండా గాలిని వడగట్టే ఆ గదిని గాజు గోడల వెనుక నుంచి చూడవలసిందే. గేటు దగ్గరే మా ఫోన్ల కెమెరాలకు స్టిక్కర్లు అంటించారు. గాజుకు అవతల ఒక భాగమంతా పసుపు వెలుతురు. వేఫర్ (చిప్పులను రూపొందించే పలుచని గుండ్రటి సిలికాన్ బిళ్ల) మీద పూసే ఫొటోరెసిస్ట్ అనే రసాయనం నీలి కాంతికి, అతినీల లోహిత కాంతికి స్పందిస్తుంది కాబట్టి ఆ కిరణాలు లేని దీపాలే అక్కడ వెలిగిస్తారు. పైకప్పుకు బిగించిన పట్టాల మీద చిన్న చిన్న వాహనాలు, ఒక్కోదానిలో 25 వేఫర్లు పట్టే పెట్టెలను మోసుకుంటూ, యంత్రం దగ్గర ఆగి తాడు దింపి పెట్టెను పెట్టి మళ్లీ పరుగెత్తుతుంటాయి. పిల్లలందరూ తలలెత్తి అదే చూస్తున్నారు. అంతలో తెనాలి నుంచి వచ్చిన ఒక అమ్మాయి మెల్లగా, "సార్, మనుషులు ఏరి?" అంది.

మమ్మల్ని తిప్పుతున్న ఇంజినీరు ఆ ప్రశ్న ఏమిటని నన్ను అడిగి తెలుసుకుని నవ్వాడు. తరువాత చూపవలసిన స్లైడ్లు పక్కన పెట్టి, అనుమతి తెచ్చుకుని, ఆరేడుగురినే వెంటబెట్టుకుని పై అంతస్తుకు తీసుకువెళ్లాడు. మనుషులు అక్కడున్నారు. మామూలు ఆఫీసు, వరుసగా బల్లలు. రెండేళ్ల అనుభవమున్న ఒక యువతి తెర మీద గుండ్రటి వేఫర్ పటం ఉంది. పాసైన చిప్పులు ఆకుపచ్చగా, తప్పినవి ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎర్ర చుక్కలు అంచు పొడుగునా చేతి గాజులాగా ఒక వలయం కట్టాయి. ఆ వలయం వెనుక తాను మూడు రోజులుగా పడుతున్నానని, ఆ వేఫర్లు ఏయే యంత్రాల్లో ఏయే గదుల గుండా వెళ్లాయో డేటాబేస్ నుంచి తీసి, మంచి వేఫర్ల దారితో పోల్చి చూస్తున్నానని, వేఫర్ మీది పొరలను చెక్కే ఎచింగ్ యంత్రంలోని ఒక గది మీద అనుమానం నిలిచిందని, ఇక ఆ యంత్రం చూసేవారిని ఒప్పించి దాన్ని ఆపించడం అన్నిటికంటే కష్టమని ఆవిడ చెప్పింది. ఎస్‌క్యూఎల్, పైథాన్, స్టాటిస్టిక్స్ తప్ప కళాశాలలో చదివిన మరే సబ్జెక్టునూ తాను రోజూ ముట్టుకోనని కూడా అంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఆ ఆరేడుగురికి తెలిసినది ఏ కెరీర్ గైడెన్స్ సెమినారులోనూ దొరకదు. చిప్పుల కంపెనీ అంటే వెరిలాగ్ (చిప్పు డిజైన్ రాసే భాష) రాయడమే అనుకుని వెళ్లినవారికి, అక్కడి ఇంజినీర్లలో ఎక్కువమంది డిజైన్ చేయరని, దిగుబడి (పాసయ్యే చిప్పుల వంతు) పెంచడం, యంత్రాలను అదుపులో ఉంచడం, పరీక్షించడం, విశ్వసనీయతను కొలవడం అనే పనులు చేస్తారని, వాటిలో ఒకటి తమకు నచ్చవచ్చని లేదా ససేమిరా నచ్చకపోవచ్చని అర్థమైంది. తెనాలి అమ్మాయి తిరిగి వచ్చాక తన థీసిస్ అంశాన్నే మార్చుకుంది. వెళ్లిన ఫలితం దక్కేది ఇలాంటి ఇరవై నిమిషాల్లోనే; మిగిలిన 38 మంది ఆ సమయంలో కింద కాఫీ తాగుతూ కూర్చున్నారు.

అందుకే ఎలా సిద్ధపడాలన్న మీ రెండో ప్రశ్నకు నా జవాబు దాదాపుగా ప్రశ్నల గురించే ఉంటుంది. "మీ కంపెనీలో ఫ్రెషర్లకు అవకాశాలు ఉన్నాయా?" అని అడిగితే "మా వెబ్‌సైటు చూడండి" అన్న జవాబే వస్తుంది, నేనూ అదే చెప్పేవాణ్ని. "ఈ రంగం భవిష్యత్తు ఎలా ఉంటుంది?" అని అడిగితే పత్రికల్లో చదివినదే మళ్లీ వింటారు. "నిన్న ఆఫీసుకు వచ్చింది మొదలు ఇంటికి వెళ్లే దాకా మీరు వరుసగా ఏమేమి చేశారు?" అని అడగండి. మొదట ఆశ్చర్యపోతారు, తరువాత ఆగకుండా చెబుతారు. ఈ మధ్య మీ పని ఎక్కడ చిక్కుపడింది, ఆ చిక్కు తీరడానికి ఎవరి సాయం కావలసి వచ్చింది, మీ బృందంలో చేరిన కొత్తవారు మొదటి ఆరు నెలల్లో ఎక్కడ తడబడతారు అన్నవి కూడా అంత పనికొచ్చే ప్రశ్నలే. వీటికి జవాబు ఇవ్వగలిగినవారు రెండు నుంచి ఐదేళ్ల అనుభవమున్నవారు. డైరెక్టరు గారు ఇవ్వలేరు, ఆయన ఆ పని చేసి ఇరవై ఏళ్లయి ఉంటుంది.

భోజనం విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. సంస్థ క్యాంటీనులో భోజనం పెడితే మన పిల్లలు నలభై మందీ ఒకే వైపు బల్లలు కలుపుకుని, ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి, ఆవకాయ పంచుకుని, తెలుగులో కబుర్లు చెప్పుకుని లేస్తారు. మనతో మాట్లాడటానికి ప్రత్యేకంగా పిలిపించిన ఇంజినీర్లు పక్క బల్ల మీద తమలో తాము తింటారు. ఒక బల్లకు ఇద్దరు విద్యార్థులకు మించి కూర్చోకూడదని రెండో పర్యటన నుంచి నేను నియమం పెట్టాను. మొదట అలిగారు, సాయంత్రం బస్సులో ఎక్కువ మాటలు ఆ భోజనం గురించే నడిచాయి.

ప్రశ్న అడగడం కూడా సాధనతో వచ్చేదే, దానికి సింగపూరు అక్కర్లేదు. మూడో బృందాన్ని బయలుదేరే ముందు నెలలో విజయవాడ ఆటోనగర్‌కు పంపాను. లారీ బాడీలు కట్టే షెడ్డులో ఒక మేస్త్రిని "నిన్న ఏం చేశారు?" అని అడిగి, రెండు పేజీలు రాసుకు రమ్మన్నాను. ఎంటెక్ విద్యార్థులం, మమ్మల్ని ఆటోనగర్‌కు పంపుతారా అని ఇద్దరు ముఖం ముడుచుకున్నారు. వచ్చినవాటిలో ఒక కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది: చాసిస్ కొలతకు, కాగితం మీది కొలతకు తేడా వస్తే మేస్త్రి ఎవరికి ఫోను చేస్తాడో, ఆ జాప్యం ఖర్చు ఎవరి మీద పడుతుందో వివరంగా రాశాడు. అలా రాయగలిగిన విద్యార్థి ఏ దేశంలో ఏ కర్మాగారానికి వెళ్లినా వట్టి చేతులతో రాడు. విజయవాడలోనే రైల్వే సిగ్నలింగ్ పరికరాలు తయారుచేసే ఎఫ్‌ట్రానిక్స్ ఉంది, గన్నవరం దగ్గర హెచ్‌సీఎల్ ప్రాంగణం ఉంది. వీటిని మీ విభాగం ఎప్పుడైనా చూపిందా అని మీ హెచ్‌ఓడీ గారిని అడగండి. చూపకపోతే, నేరుగా సింగపూరు ఎందుకన్నది న్యాయమైన సందేహమే.

మీ పట్టికలో నాకు నిజంగా నచ్చినది పెనాంగు. మీ స్నేహితులు దాన్ని కోత పెట్టి సింగపూరులో ఇంకో రోజు అడుగుతున్నారని రాశారు, ఆ పని చేయనివ్వకండి. ఇంటెల్ అమెరికా వెలుపల తన మొదటి అసెంబ్లీ కర్మాగారాన్ని 1972లో అక్కడే పెట్టింది. బయాన్ లెపాస్ అనే ఆ పారిశ్రామిక ప్రాంతంలో అప్పటి నుంచి ముఖ్యంగా జరుగుతున్నది వేఫర్‌ను ముక్కలు కోసి, చిప్పును ప్యాకేజీలో బిగించి, పరీక్షించి పంపడం. ఇప్పుడు మన దేశంలో వస్తున్న వాటిలో ఎక్కువ భాగం ఇదే పని: గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా చేపట్టినవి ఈ కోవకే చెందుతాయి, 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మన రాష్ట్రానికి ఆమోదించినదీ చిప్ ప్యాకేజింగ్ కర్మాగారమే. అంటే పెనాంగులో మీరు చూడబోయేది రేపు మన ఇంటి దగ్గర దొరకగల ఉద్యోగం.

నా వృత్తి కాబట్టి ఇక్కడ ఒక్క మాట ఎక్కువ చెబుతాను. ఒక చిప్పును పరీక్షించడానికి పట్టే సమయంలో అర సెకను తగ్గిస్తే, పది లక్షల చిప్పులకు ఐదు లక్షల సెకన్లు, అంటే దాదాపు 139 గంటల యంత్ర సమయం మిగులుతుంది. టెస్టరు యంత్రాలు బాగా ఖరీదైనవి, అందుకని ఆ అర సెకను కోసం మేము నెలల తరబడి తలలు బద్దలుకొట్టుకునేవాళ్లం. మీరు తరగతిలో స్కాన్ చైన్లు, ఫాల్ట్ కవరేజీ అని చదివేవి చివరికి చేరేది ఆ యంత్రానికే. నిలబడి చూసే అవకాశం వస్తే, ఒక టెస్టరు ఒకేసారి ఎన్ని చిప్పులను పరీక్షిస్తోంది, తప్పినవాటిని రెండోసారి పరీక్షిస్తారా, ఆ నిర్ణయం ఎవరిది అని అడగండి. డిజైన్ ఫర్ టెస్ట్ (చిప్పును తేలిగ్గా పరీక్షించేలా డిజైన్ చేసే) ఉద్యోగాలకు హైదరాబాదులో, బెంగళూరులో మనుషులు కావాలి, ఈ సంగతి తెలిసి ఇంటర్వ్యూకు వచ్చిన విద్యార్థి మొదటి పది నిమిషాల్లోనే ప్రత్యేకంగా కనిపిస్తాడు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సింగపూరుకు మనకు వీసా తప్పనిసరి. రుసుము 30 సింగపూరు డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. అరైవల్ కార్డును చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి రుసుము లేదు, డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. పెనాంగు నుంచి మళ్లీ సింగపూరు మీదుగా తిరిగి వచ్చేటట్లయితే వీసాపై రెండో ప్రవేశానికి వీలుందో లేదో చూసుకోండి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తాడు. దాని రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది కాని, ఎవరి పాన్ మీద కట్టారో వారు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసి దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు, కట్టవలసిన పన్నేమీ లేకపోతే వాపసు తీసుకోవచ్చు. మన గ్రామాల్లో ఈ డబ్బు వదిలేసేవారే ఎక్కువ, కాబట్టి ఏ పాన్ మీద కడుతున్నారో, ధ్రువపత్రం ఎప్పుడు ఇస్తారో ముందే అడగండి.

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ గేటు దగ్గర అదే పెద్దదవుతుంది. సంస్థలు సందర్శకుల జాబితాను ముందే తీసుకుని పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం పోల్చుతాయి. మా రెండో బృందంలో కళాశాల గుమస్తా హాజరు పట్టీలో ఉన్నట్లే ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత, మధ్యలో పొడి అక్షరాలతో జాబితా పంపాడు. పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకే గడిలో ఉంది. ముప్పావుగంట గేటు బయటే నిలబడ్డాం. చివరికి పాస్‌పోర్టుల ప్రకారం బ్యాడ్జీలు ముద్రించే యంత్రం అసలు పేరులో మొదటి మాటనే తీసుకోవడంతో, మా వాళ్లలో ఐదుగురి మెడల్లో "వెంకట" అనే బ్యాడ్జీలు వేలాడాయి. ఆతిథ్యమిచ్చినవారు రోజంతా "మిస్టర్ వెంకట" అని పిలవడం, ఐదుగురూ ఒకేసారి తిరిగి చూడటం సరదాగానే గడిచింది కాని, ఆ ముప్పావుగంట మాత్రం తిరిగి రాలేదు. బూట్లు వేసుకు వెళ్లండి, చెప్పులతో కర్మాగారాల్లోకి రానివ్వరు.

ఇప్పుడు మీరు చేయగలిగినది చెబుతాను. హెచ్‌ఓడీ గారిని ఒంటరిగా కాక మీలాంటి పదిమందితో కలిసి, గొడవలా కాకుండా, కాగితం మీద రాసుకుని అడగండి. ప్రతి సంస్థ నుంచి కళాశాల పేరిట వచ్చిన ఆహ్వాన పత్రం ఉందా అన్నది మొదటిది. ఎవరైనా టిక్కెట్టు కొనుక్కుని చూడగల ప్రదర్శనశాలను "కంపెనీ విజిట్" అని పట్టికలో రాసే ఏజెంట్లున్నారు, మా మొదటి పర్యటనలో నాలుగింటిలో ఒకటి అలాంటిదే అని అక్కడికి వెళ్లాకే తెలిసింది. రెండోది, నలభై మందిని ఏడెనిమిది మంది చొప్పున విడదీసి, ప్రతి చోటా కనీసం ముప్పావుగంట పని చేస్తున్న ఇంజినీర్లతో కూర్చోబెట్టగలరా అని. సంస్థలు దీనికి సాధారణంగా కాదనవు, కాని ఆరు వారాల ముందు అడగాలి, ముందు రోజు అడిగితే ఎవరూ దొరకరు. మూడోది, కేబుల్ కారు పూట తీసేసి ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలను చేర్చగలరా అని. ఇందుకు కళాశాల అధ్యాపకులెవరైనా అక్కడి ఆచార్యుడికి ఒక ఉత్తరం రాస్తే చాలు, డబ్బు పని లేదు. ఖర్చు విడివిడిగా చూపమని, వీసా రాకపోతే ఎంత తిరిగి ఇస్తారో రాసి ఇవ్వమని కూడా అడగండి.

వీటికి ఒప్పుకుని, ఖర్చు తగ్గి, వడ్డీ లేకుండా డబ్బు సర్దుబాటైతే నిశ్చింతగా వెళ్లండి. లేకపోతే మానుకున్నందుకు బాధపడనక్కర్లేదు. సెమికాన్ ఇండియా ప్రదర్శన 2024లో గ్రేటర్ నోయిడాలో, 2025లో ఢిల్లీ యశోభూమిలో జరిగింది. మీరు విదేశంలో చూడదలచిన రకం సంస్థలే అక్కడ ఒకే కప్పు కింద బల్లలు వేసుకుని కూర్చుంటాయి. విజయవాడ నుంచి రైలు ఛార్జీలు, మూడు రోజుల బస కలిపినా పొదుపుగా వెళ్తే 15,000 దాటదు. హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ, మైక్రాన్ కార్యాలయాలున్నాయి. మీ కళాశాల పాత విద్యార్థులు వాటిలో తప్పక ఉంటారు, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. ఒక్కొక్కరితో అరగంట కూర్చుని నిన్న ఏం చేశారని అడిగితే, నేను చెప్పిన ఆ ఇరవై నిమిషాలు ఇక్కడే దొరుకుతాయి.

ఆఖరు తేదీ ఈ నెలాఖరు అని రాశారు. పైన చెప్పిన మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా 25,000 అడ్వాన్సు కట్టకండి, నాన్నగారిని కూడా అప్పటిదాకా ఎవరి దగ్గరా నోటు రాయవద్దని చెప్పండి. పాస్‌పోర్టుకు మాత్రం ఈ వారమే దరఖాస్తు చేయండి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలే, ఈ పర్యటన ఉన్నా లేకపోయినా పదేళ్లు పనికి వస్తుంది. దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి.